పిల్లల పేర ఒక ఎకరం

ఈ రోజుల్లో ఏ బడికి వెళ్ళినా, అది హైదరాబాదులో కానివ్వండి, హ్యూస్టన్‌లో కానివ్వండి, గోడల మీద రెండు మాటలు కనిపిస్తున్నాయి. ఒకటి సృజనాత్మకత. రెండోది ఆంట్రప్రెన్యూర్‌షిప్. మొదటిదానికి తెలుగు మాట ఉంది కాని, వాడి వాడి అరిగిపోయింది. రెండోదానికి తెలుగు మాట ఇంకా కుదిరినట్టు లేదు. వ్యవస్థాపకత అని కొందరూ, ఔత్సాహిక పారిశ్రామికత అని కొందరూ రాస్తున్నారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రం "ఫలానా వాళ్ళబ్బాయి సొంతంగా ఏదో పెట్టుకున్నాడు" అనేవారు. నాకు ఆ మాటే నచ్చుతుంది. అందులో "సొంతం" ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట గురించే.

బడిపిల్లలకి ఈ గుణాలు అలవాటు చెయ్యాలన్న ఆలోచన కంప్యూటర్ల కాలంలోనో, సిలికాన్ వేలీలోనో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి నూటపాతికేళ్ళ చరిత్ర ఉంది. అది పుట్టింది మొక్కజొన్న చేలో.

మొక్కజొన్న చేలో మొదలు

1900 ప్రాంతంలో అమెరికా పల్లెల పరిస్థితి మన పల్లెల్లో తరవాత వచ్చిన పరిస్థితిలాగే ఉండేది. చదువుకున్న పిల్లలు పట్నం దారి పట్టేవారు. విశ్వవిద్యాలయాల్లో కొత్త విత్తనాలు, కొత్త పద్ధతులు తయారవుతున్నాయి కాని రైతులు వాటిని నమ్మలేదు. "మా తాత నాటినట్టే నేనూ నాటుతాను, పుస్తకం చదివి సేద్యం చేస్తారుటయ్యా?" అన్న ధోరణి. బళ్ళలో చెప్పే చదువుకీ, పిల్లలు సాయంత్రం ఇంటికెళ్ళి చేసే పనికీ ఏ సంబంధమూ ఉండేది కాదు.

ఓహాయో రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర బళ్ళకి పర్యవేక్షకుడుగా ఉన్న ఆల్బర్ట్ బెల్మాంట్ గ్రేహమ్ 1902 జనవరి 15న, క్లార్క్ కౌంటీ కోర్టు భవనం నేలమాళిగలో ముప్పైమంది దాకా పిల్లల్ని కూర్చోబెట్టి ఒక క్లబ్బు మొదలుపెట్టాడు. ఆడపిల్లలూ ఉన్నారు, మగపిల్లలూ ఉన్నారు. చేసిన పనులు చిన్నవే. ఇంటి దగ్గర మట్టి తెచ్చి లిట్మస్ కాగితంతో పరీక్షించడం, మంచి మొక్కజొన్న విత్తనం ఏరి నాటడం, కూరగాయల మడి వేసుకోవడం, ఏంచేశారో ఏం పండిందో పుస్తకంలో రాయడం. మాస్టారికి ముందే జవాబు తెలిసిన ప్రశ్న కాదది. ఎవరి మట్టి వారిది, ఎవరి జవాబు వారిది. ఈ పని చూసి ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయం 1905లో ఆయన్ని వ్యవసాయ విస్తరణ శాఖకి మొదటి అధిపతిగా తీసుకుంది.

దక్షిణాది రాష్ట్రాల్లో ఇదే ఆలోచన ఇంకో రూపంలో పాకింది. 1907లో మిసిసిపీలోని హోమ్స్ కౌంటీలో మొక్కజొన్న క్లబ్బులు మొదలయ్యాయి. వ్యవసాయ శాఖ తరఫున సీమన్ నాప్ అనే పెద్దాయన వాటిని దక్షిణాదంతా వ్యాపింపజేశాడు. పద్ధతి సులువు. నాన్న పొలంలో ఒక ఎకరం పిల్లవాడి పేర విడిగా కేటాయించాలి. దున్నడం, నాటడం, ఎరువు వెయ్యడం అన్నీ వాడి నిర్ణయాలే. ఖర్చు వాడే రాయాలి. చివర్లో సాక్షుల ముందు పంట కొలవాలి. లాభం వస్తే లాభం, నష్టం వస్తే నష్టం. రెండూ పుస్తకంలో ఎక్కాలి.

1910లో సౌత్ కెరొలైనాలో జెర్రీ మూర్ అనే పదిహేనేళ్ళ అబ్బాయి ఒక్క ఎకరంలో 228 బుషెళ్ళకి పైగా మొక్కజొన్న పండించాడు. మన లెక్కలో దాదాపు 58 క్వింటాళ్ళు. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద ఎకరానికి సగటు దిగుబడి ఏడు క్వింటాళ్ళ దగ్గర ఉండేది. ఈ వార్త పత్రికలన్నిటిలో వచ్చింది. విశ్వవిద్యాలయం పంపిన మనిషి చెబితే వినని తండ్రులు, కంచె అవతల కొడుకు పొలం చూసి తలూపారు. పెద్దవాళ్ళకి పాఠం చెప్పడానికి పిల్లవాడి ఎకరం పనికొచ్చిందన్నమాట.

అదే ఏడాది, అదే రాష్ట్రంలో, ఐకెన్ కౌంటీలో మేరీ క్రోమర్ అనే బడిపంతులమ్మ, మరి ఆడపిల్లల సంగతేమిటని అడిగింది. ఆమె టమాటా క్లబ్బు పెట్టింది. ఒక్కొక్క అమ్మాయికి ఎకరంలో పదోవంతు. టమాటాలు పండించడం, డబ్బాల్లో నిలవచెయ్యడం, అమ్మడం, లెక్క రాయడం. తొలి ఏడాది గెలిచిన అమ్మాయి ఆ చిన్న చెక్కలోంచి అయిదు వందల పైచిలుకు డబ్బాలు తీసింది. ఆమెకి బహుమతిగా దక్కింది కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్పు. ఆ కాలంలో పల్లెటూరి ఆడపిల్ల తన కష్టంతో వచ్చిన డబ్బు తన చేత్తో లెక్కపెట్టుకోవడమే ఒక విశేషం. ఆ డబ్బాలమీద అంటించిన కాగితం వెనక ఎంత ధైర్యం ఉందో ఆలోచించండి.

1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి ఈ పనికి ప్రభుత్వ నిధులు సమకూరాయి. ఈ క్లబ్బులన్నీ క్రమంగా నాలుగాకుల క్లోవర్ గుర్తు కింద 4-హెచ్ అన్న పేరుతో ఒకటయ్యాయి. అమెరికాలో ఉన్న తెలుగువారు కౌంటీ ఫెయిర్‌కి వెళ్ళినప్పుడు మేకపిల్లనో, కోళ్ళనో పక్కన పెట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూసే ఉంటారు. వాటిని పెంచిందీ, దాణా ఖర్చు రాసిందీ, వేలంలో అమ్మేదీ వాళ్ళే. అదంతా పల్లెటూరి సరదా అనుకుని మనం రంగులరాట్నం వైపు నడుస్తాం. అమెరికా పిల్లల వ్యాపారబుద్ధికి పాత బడి అదే.

ఈ కథలో చీకటి కోణం కూడా చెప్పుకోవాలి. పిల్లవాడి పేర ఎకరం రాయాలంటే నాన్నకి పొలం ఉండాలి. దక్షిణాదిలో నల్లవారు చాలామంది కౌలుదారులు, పాలికాపులు. వారి పిల్లలకి ఎకరం ఇచ్చేదెవరు? క్లబ్బులు కూడా తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు. టస్కిగీ విద్యాసంస్థలో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ రూపకల్పన చేసిన బండిలో పనిముట్లు, విత్తనాలు వేసుకుని థామస్ క్యాంప్‌బెల్ 1906 నుంచి అలబామా పల్లెలు తిరిగాడు. బడికి రాలేని పేద రైతు దగ్గరికి బడే బండెక్కి వెళ్ళింది. ఈ బండిని గుర్తుపెట్టుకోండి. ఇలాంటిదే చివర్లో మన చిత్తూరు జిల్లాలో కనిపిస్తుంది.

రెండో స్ప్రింగ్‌ఫీల్డ్

పొలంలేని పట్నం పిల్లల మాటేమిటి? ఆ ప్రశ్నకి జవాబు ఇంకో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చింది. ఇది మసాచుసెట్స్‌లోది. 1919లో కాగితం మిల్లు యజమాని హొరేస్ మోజెస్, టెలిఫోన్ కంపెనీ అధ్యక్షుడు థియోడర్ వేల్, సెనేటరు మరే క్రేన్ కలిసి ఒక సంస్థకి పునాది వేశారు. తరవాత దాని పేరు జూనియర్ అచీవ్‌మెంట్ అయింది. మొక్కజొన్న క్లబ్బు పద్ధతినే వాళ్ళు పట్నానికి తెచ్చారనుకోవచ్చు. ఎకరం బదులు ఒక చిన్న కంపెనీ.

బడి అయిపోయాక పిల్లలు గుంపుగా చేరతారు. ఏ వస్తువు చెయ్యాలో వాళ్ళే తేల్చుకుంటారు. పెట్టుబడికి ఇరుగుపొరుగులకి చిన్న చిన్న వాటాలు అమ్ముతారు. అధ్యక్షుడు, కోశాధికారి అంతా వాళ్ళలోంచే. వస్తువు చేసి, ఇల్లిల్లూ తిరిగి అమ్మి, జీతాలు రాసుకుని, ఏడాది చివర కంపెనీ మూసేసి వాటాదార్లకి లెక్క అప్పజెబుతారు. పక్కన ఒక పెద్దమనిషి ఉంటాడు. సలహా చెబుతాడు కాని, సుత్తి అందుకోడు. వస్తువు అమ్ముడుపోకపోతే పిల్లలే వెళ్ళి వాటా కొన్న పక్కింటావిడకి ఆ సంగతి చెప్పాలి. అది ఏ పరీక్ష కంటే గట్టి పరీక్ష.

ఒక విషయం గమనించాలి. యాభై ఏళ్ళకి పైగా ఇది బడి గంట కొట్టాకే జరిగింది. 1975లో కాని ఆ సంస్థ తరగతి గదిలోకి అడుగుపెట్టలేదు. 4-హెచ్ అయినా అంతే, ఎక్కువగా బడి బయటే ఎదిగింది. అమెరికా బడి గొప్పది కనక పిల్లల్లో చొరవ ఎక్కువ అంటారు మనవాళ్ళు. కాని చరిత్ర చూస్తే, చొరవ పెరిగింది బడి పక్కన మిగిల్చిన ఖాళీ జాగాలో.

బందరు, వార్ధా, మద్రాసు

మన దగ్గర ఇలాంటి ఆలోచనే చెయ్యలేదా? బ్రహ్మాండంగా చేశాం. టమాటా క్లబ్బు పుట్టిన 1910లోనే మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. కోపల్లె హనుమంతరావు దానికి ప్రాణం పోశారు. ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య వెన్నుదన్నుగా నిలిచారు. స్వదేశీ ఉద్యమపు వేడి ఇంకా చల్లారని రోజులు. సర్కారు కొలువుకోసం కాకుండా సొంత కాళ్ళ మీద నిలబడడం కోసం చదువు అన్నది వారి పట్టుదల. పుస్తకాలతోబాటు నేత, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం నేర్పారు. బెంగాలు నుంచి వచ్చిన ప్రమోదకుమార ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చుకున్న అడివి బాపిరాజు తరవాత ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు. జాతీయ జెండాకి రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య అక్కడ అధ్యాపకుడుగా పనిచేశారు. ఒకే ఆవరణలో మగ్గం, కుంచె, జెండా. చేతికీ బుద్ధికీ మధ్య గోడ కట్టని చదువు అంటే ఎలా ఉంటుందో మనవాళ్ళు అప్పుడే చూపించారు.

ఆ తరవాత గాంధీగారు. 1937 అక్టోబరులో వార్ధాలో విద్యావేత్తల్ని సమావేశపరిచి, ఏడు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకి ఒక చేతిపని కేంద్రంగా చదువు చెప్పాలన్నారు. పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో ఉపాధ్యాయుల జీతాలు గడవాలని కూడా ఆయన ఆశ. జాకిర్ హుస్సేన్ సంఘం తయారుచేసిన ప్రణాళికలో రోజుకి అయిదున్నర గంటల బడిలో మూడు గంటల ఇరవై నిమిషాలు చేతిపనికే కేటాయించారు. నిజమైన వస్తువు, నిజమైన కొనుగోలుదారు. మొక్కజొన్న క్లబ్బుకి ఉన్న సామగ్రి అంతా ఉంది.

మరి ఎందుకు నిలవలేదు? బడిని పిల్లల సంపాదనతో నడపడమంటే బాలకార్మికుల్ని తయారుచెయ్యడం కాదా అన్న అనుమానం ఆనాడే వచ్చింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. చేతిపని పెట్టారు కాని పిల్లవాడికి ఎంపిక పెట్టలేదు. ఇవాళ తకిలీ తిప్పాలి, రేపూ తకిలీ తిప్పాలి. ఎందుకు, ఎవరికోసం, ఇంకోలా తిప్పితే ఏమవుతుంది అని అడిగే చోటు లేకపోయింది. పల్లె పిల్లలకి బేసిక్ స్కూలు, పట్నం పిల్లలకి ఇంగ్లీషు స్కూలు అనే తేడా కూడా వచ్చిపడింది. తల్లిదండ్రులు ఆ తేడాని వెంటనే పసిగట్టారు.

1953 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి తెచ్చిన పథకంతో ఈ అనుమానం భయంగా మారింది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పల్లెటూరి పిల్లలకి పూటబడి, మిగతా పూట ఇంటి దగ్గర తండ్రి వృత్తి నేర్చుకోవాలి. కాగితం మీద అదీ 'చేతులతో నేర్చుకోవడమే'. కాని చాకలి కొడుకు చాకలిగా, చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులు కుట్టేవాడిగా మిగిలిపోయే ఏర్పాటని జనం మండిపడ్డారు. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన తల్లిదండ్రులకి సృజనాత్మకత పట్టదు, మార్కులే కావాలి అని విదేశాల్లో కూర్చుని తేలిగ్గా అనేస్తూంటాం. తరతరాలుగా చేతిపనే చేసి, చేతిపని కారణంగానే ఊరి చివర ఉండాల్సి వచ్చిన ఇంటికి, బడిలో మళ్ళీ చేతిపని అంటే ఎలా వినిపిస్తుంది? పరీక్ష కాగితం మీద కులం రాయక్కర్లేదు. నంబరు వేస్తే చాలు. వారికి పరీక్ష విముక్తి మార్గం. తండ్రి వృత్తిని బలవంతంగా అప్పజెప్పడం వేరు, పిల్లవాడు తనకి కావలసిన పని తాను ఎన్నుకోవడం వేరు. మొదటిదాన్ని కాదన్నందుకు జనాన్ని తప్పుపట్టలేం. కాని ఆ కోపంలో రెండోది కూడా చేజారింది.

ప్రాజెక్టు ఎక్కడ పోయింది?

రెండు దేశాల దారులు ఎక్కడ విడిపోయాయో చూపించే ఉదాహరణ ఒకటుంది. 1942లో అమెరికాలో సైన్స్ సర్వీస్ అనే సంస్థ వెస్టింగ్‌హౌస్ కంపెనీ సాయంతో హైస్కూలు పిల్లలకి సైన్స్ టాలెంట్ సెర్చ్ మొదలుపెట్టింది. అక్కడ నిలిచిన పిల్లల్లో షెల్డన్ గ్లాషో, రోఆల్డ్ హాఫ్‌మన్ వంటివారు తరవాత నోబెల్ బహుమతులు అందుకున్నారు. 1950లో ఫిలడెల్ఫియాలో తొలి జాతీయ సైన్స్ ఫెయిర్ జరిగింది. మొదట్లో టాలెంట్ సెర్చ్‌కి ఒక పరీక్ష కూడా ఉండేది. ఇప్పుడు పరీక్ష లేదు. పిల్లలు సొంతంగా చేసిన పరిశోధన, దానిమీద రాసిన నివేదికే ముఖ్యం. పోషకులు మారారు, 1998లో ఇంటెల్, 2017లో రీజెనరాన్ వచ్చాయి, పద్ధతి నిలబడింది.

మన దేశంలో 1963లో ఎన్‌సీఈఆర్‌టీ ఇలాంటిదే మొదలుపెట్టింది. మొదటి ఏడు ఢిల్లీలో పది స్కాలర్‌షిప్పులు. మరుసటి ఏడు దేశమంతా. అప్పుడు ఎంపికకి రాతపరీక్షా, వ్యాసం, పిల్లవాడు సొంతంగా చేసిన ప్రాజెక్టు నివేదిక, ఇంటర్వ్యూ, ఈ నాలుగూ ఉండేవి. 1970ల్లో 10+2 విధానం వచ్చినప్పుడు పథకాన్ని మార్చారు. లక్షలమంది రాసే పరీక్ష అయింది. ప్రాజెక్టు తప్పుకుంది. సరైన జవాబుకి టిక్కు పెట్టే ప్రశ్నపత్రాలు మిగిలాయి. ఆ పథకం 2021లో ఆగిపోయింది.

వాళ్ళు పరీక్ష వదిలి ప్రాజెక్టు ఉంచుకున్నారు. మనం ప్రాజెక్టు వదిలి పరీక్ష ఉంచుకున్నాం. ఇందులో ఎవరి కుట్రా లేదు. లక్షల కాగితాలు దిద్దాలంటే, ఎవరూ వేలెత్తి చూపకుండా ఎంపిక చెయ్యాలంటే టిక్కులే సులువు. కాని సులువుగా దిద్దగలిగేదే చదువు అన్న అలవాటు మాత్రం స్థిరపడిపోయింది.

పేద పిల్లల సంగతికి వస్తే, న్యూయార్కులో స్టీవ్ మారియొట్టి కథ చెప్పుకోవాలి. ఆయన ఫోర్డ్ కంపెనీలో పనిచేసి, తరవాత చిన్న ఎగుమతి-దిగుమతి వ్యాపారం పెట్టుకున్నవాడు. 1981లో కొందరు కుర్రాళ్ళు ఆయన్ని కొట్టి పది డాలర్లు లాక్కున్నారు. ఆ భయంలోంచి బయటపడడానికి, అలాంటి పిల్లలుండే బళ్ళలోనే పంతులుగా చేరాడు. తరగతి ఆయన మాట వినేది కాదు. ఒకరోజు తన చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టినట్టు బేరం మొదలుపెడితే గది నిశ్శబ్దమైంది. కొన్నదెంత, అమ్మేదెంత, మిగిలేదెంత అన్న లెక్క వచ్చేసరికి, లెక్కలు రావని రాసిపెట్టిన పిల్లలు గబగబా జవాబులు చెప్పారు. 1987లో ఆయన పేదపేటల పిల్లలకి వ్యాపారం నేర్పే సంస్థ పెట్టాడు. పొలం లేదు, పెట్టుబడి లేదు. అయినా వాళ్ళకి బేరం తెలుసు, బజారు తెలుసు, మనుషులు తెలుసు. ఆ తెలివికి బడి అంతదాకా విలువ కట్టలేదు.

మనం, మన పిల్లలు

1965లో అమెరికా వలసచట్టం మారాక డాక్టర్లుగా, ఇంజనీర్లుగా తెలుగువాళ్ళు రావడం మొదలైంది. తరవాత సాఫ్ట్‌వేరు. మనలో నూటికి తొంభైమంది పరీక్షల నిచ్చెన ఎక్కి వచ్చినవాళ్ళమే అంటే ఎవరూ కాదనరనుకుంటాను. ఎంట్రన్సు, జీఆర్ఈ, బోర్డు పరీక్షలు. ఎక్కొచ్చిన నిచ్చెన మీద గౌరవం ఉండడం సహజం. అందుకే ఇక్కడా మన పిల్లల్ని పోటీల వైపు నడిపించాం. చిట్టూరి రత్నంగారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఇండియాలో పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్పులిస్తూ, ఇక్కడి పిల్లలకి స్పెల్లింగు, లెక్కలు, భూగోళం పోటీలు పెట్టి ఒక తరాన్ని తీర్చిదిద్దింది. జాతీయ స్పెల్లింగ్ బీలో 2008 నుంచి మన భారతీయ పిల్లలు దాదాపు ఏటా గెలుస్తుంటే ఎవరికి గర్వంగా ఉండదు? అందులో ఓర్పుంది, సాధన ఉంది, వేదికమీద నిలబడే నిబ్బరం ఉంది. దాన్ని తక్కువచెయ్యడం నా ఉద్దేశం కాదు.

కాని స్పెల్లింగ్ బీలో ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే నిఘంటువులో ఉంటుంది. జెర్రీ మూర్ ఎకరానికి జవాబు ఎక్కడా రాసిలేదు. మన పిల్లలకి రెండో రకం ప్రశ్న ఎన్నిసార్లు ఎదురవుతోంది? సైన్స్ ఫెయిర్ వస్తే బోర్డు నాన్న అంటిస్తాడు, గ్రాఫు అమ్మ గీస్తుంది. కాలేజీ దరఖాస్తులో చూపించుకోవడానికి పదహారేళ్ళ పిల్లలు సంస్థలు స్థాపిస్తున్నారు. వెబ్‌సైటు, లోగో, అధ్యక్ష పదవి అన్నీ ఉంటాయి. కొనేవాడు ఒక్కడు ఉండడు, నష్టపోయే డాలరు ఒక్కటి ఉండదు. ఎక్కడ చూసినా సృజనాత్మకతే కాని, పిల్లవాడి సొంతం అన్నది లేదు.

అక్కడ పరిస్థితి ఇంకా కఠినం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తప్పుల సంగతి అందరూ మాట్లాడారు. పదిహేడేళ్ళ పిల్లకి ఒక కాగితం మీద అంకె తప్ప తన విలువ చూసుకునే చోటు ఇంకొకటి లేకపోయిందే అన్నది నన్ను ఇప్పటికీ వదలని ఆలోచన. మొక్కజొన్న క్లబ్బులో పంటపోయిన పిల్లవాడికి వచ్చే ఏడు మళ్ళీ ఎకరం ఉండేది. ఓడిపోవడం కూడా చిన్నప్పుడే, చిన్న మొత్తంలో, పెద్దవాళ్ళ నీడలో నేర్చుకోవలసిన విద్య. మన ఏర్పాటులో పిల్లలు ఒక్కసారే ఓడిపోతారు, అదీ అంతా పణంగా పెట్టి.

కుప్పం, గద్వాల

అయినా ఈ కథ దిగులుతో ముగించాల్సిన పని లేదు. 1999లో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్, కొందరు మిత్రులు కలిసి అగస్త్య ఫౌండేషన్ స్థాపించారు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర 172 ఎకరాల బీడు భూమిలో దాని ఆవరణ వెలిసింది. పల్లె బడిపిల్లలు అక్కడికొచ్చి చేత్తో ముట్టుకుని, విప్పి, బిగించి సైన్సు నేర్చుకుంటారు. రాలేనివారి దగ్గరికి ప్రయోగాల సామాను వేసుకున్న వ్యాన్లు వెళతాయి. అలబామాలో 1906 నాటి బండి గుర్తుందా? ఇదీ ఆ వంశానిదే. అక్కడ నాకు అన్నిటికంటే నచ్చినది, సర్కారు బడి పిల్లలే సైన్స్ ఫెయిర్‌లో నిలబడి సాటి పిల్లలకి పాఠం చెప్పడం.

2016లో కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టింది. ఒక్కొక్క బడికి ఇరవై లక్షల రూపాయల దాకా సాయం. ఇప్పటికి పదివేల బళ్ళలో ఏర్పాటయ్యాయి. మరో యాభైవేలు ప్రభుత్వ బళ్ళలో పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఢిల్లీ ప్రభుత్వం 2021లో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకి తలా రెండువేల దాకా పెట్టుబడి ఇచ్చి సొంత వ్యాపారాలు చెయ్యమంది. డబ్బు ఇవ్వడం మంచిదే. కాని పరికరం విరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో బీరువాకి తాళం పడితే ఇరవై లక్షలూ తాళం వెనకే ఉంటాయి. నేలమాళిగలో గ్రేహమ్ దగ్గర ఉన్నది లిట్మస్ కాగితం, మట్టి.

ఆ సంగతి గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివిన ఒక అమ్మాయి చూపించింది. మొక్కలు నాటుతూ, నల్ల ప్లాస్టిక్ సంచులు నేలలో మిగిలిపోవడం గమనించింది. ఆ ప్రాంతంలో వేరుసెనగ బాగా పండుతుంది. పొట్టు వృథాగా పడి ఉంటుంది. ఆ పొట్టుని పొడిచేసి, ముద్దగా కలిపి, కుండీలా మలిచి ఆరబెట్టింది. మొక్కతోబాటు భూమిలో పెట్టేస్తే కరిగి ఎరువైపోయే కుండీ. మాస్టారొకరు వెన్నంటి నిలిచారు. హైదరాబాదులోని టీ-వర్క్స్ వాళ్ళు ఆ కుండీలు పెద్దసంఖ్యలో వత్తే యంత్రం తయారుచేసి ఇచ్చారు. ప్రశ్న ఆమెది. ముడిసరుకు ఊరిది. పెద్దవాళ్ళు సాయం చేశారు కాని లాక్కోలేదు. 1910 నాటి టమాటా మడిలో ఉన్నదంతా ఇక్కడా ఉంది.

నూటపాతికేళ్ళ చరిత్రలో నాకు కనిపించిన సంగతి ఇదే. పిల్లలకి సృజనాత్మకత అనే పాఠం ఎవరూ చెప్పలేదు. ఏదో ఒక చిన్న జాగా వాళ్ళ పేర రాసి, ఖర్చూ ఫలితమూ వాళ్ళకే వదిలి, పెద్దవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డారు. ఎకరం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడింది.

అమెరికాలో ఉన్నవారికి నాదొక సూచన. ఈ వేసవిలో మీ పిల్లలకి ఒక యాభై డాలర్లు, ఒక లెక్కల పుస్తకం ఇవ్వండి. పెరట్లో పచ్చిమిరప మొక్కలు పెడతారో, పక్కవాళ్ళ సైకిళ్ళు బాగుచేస్తారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. మీ ఊరి బడికి ఏటా డబ్బు పంపేవాళ్ళయితే, ఈసారి కంప్యూటరు బదులు బడి ఆవరణలో పొలంలేని ఇంటి పిల్లలకి తలా ఒక మడి, విత్తనాల ఖర్చు ఇప్పించండి. పంట అమ్మిన డబ్బు వాళ్ళ చేతికే వెళ్ళేటట్టు హెడ్మాస్టరుగారితో మాట్లాడండి. ఏడాది చివర ఆ పుస్తకం తీసి చూడండి. నష్టం కనిపిస్తే కోప్పడకండి. వచ్చే ఏడు ఏం మారుస్తావని అడగండి, చాలు.